గొడుగు ఫొటో

"బొమ్మలు అతికించడం కూడా ఓ ఉద్యోగమేనటే?" అని పెద్దకోడలు ఒకరోజు ఆఫీసులో అందరి ముందూ చిన్నకోడల్ని అడిగింది. నవ్వుతూనే అడిగింది. అదే మంట.

ఒకే ఇంటి కోడళ్లు, ఒకే బ్లాగులో పని. పెద్దకోడలు వ్యాసాలు రాస్తుంది, చిన్నకోడలు వాటి నెత్తిన పెట్టే ఫొటో ఎంచుతుంది. వ్యాసం కింద రాసినవాళ్ల పేరుంటుంది, ఫొటో కింద ఏమీ ఉండదు. అసూయ పాపమని చెప్పే పెద్దమనుషులు ఆ ఖాళీ చోటును ఎప్పుడూ చూసి ఉండరు.

ఆ వారమే పెద్దకోడలు రిటైరైన మగవాళ్ల మీద వ్యాసం ఇచ్చింది. దాన్ని పాడుచేయాలని చిన్నకోడలు నిశ్చయించుకుంది. ఆఫీసు చందా కట్టే ఫొటోల సైట్లో చెడ్డ ఫొటో దొరకదు. అక్కడ ముసలివాళ్లకు కూడా ముప్పై రెండు పళ్లూ మెరుస్తుంటాయి. అందుకని ఎవరి పేజీలోంచో ఒకటి ఎత్తుకొచ్చింది: ఎడమ అంచున కూర్చున్న పెద్దాయన, మధ్యలో బోసిగోడ, మేకుకు గొడుగు. ఫోన్‌లో అంచులు తెగిపోతాయి. మనిషి పోయి గోడ మిగులుతుంది, సున్నం ప్రకటనలా ఉంటుంది, జనం నవ్వుకుంటారు. అదీ ఎత్తు.

ఎవరూ నవ్వలేదు. "మా నాన్న పోయాక ఆయన గొడుగూ ఇలాగే ఉండిపోయింది" అని ఒకరు రాశారు. వాళ్ల వెనక ఇంకెందరో. ఫొటో ఎవరు ఎంచారని ఎడిటర్ మురిసిపోతూ అడిగాడు.

"నేనే చెప్పి పెట్టించానండీ," అంది పెద్దకోడలు తడుముకోకుండా.

చిన్నకోడలికి అన్నం సహించలేదు. నాదని అంటే ఎందుకు పెట్టిందో, ఎక్కణ్ణుంచి తెచ్చిందో కూడా చెప్పాలి. మింగలేక కక్కలేక ఊరుకుంది.

ఈలోగా ఫొటో తీసినాయన ఫోన్ చేశాడు. అడక్కుండా వాడారు, డబ్బు కట్టమన్నాడు. ఎంచినవాళ్లే కట్టాలని ఎడిటర్ తేల్చాడు. పెద్దకోడలు ఇప్పుడు జారుకుంటుందని చిన్నకోడలు కళ్లప్పగించి చూసింది.

"కడతాను. మంచి వస్తువు ఊరికే వస్తుందా?" అంది పెద్దకోడలు.

"నువ్వెందుకు కడతావక్కా? అది ఎంచింది నేను!"

"చాల్లే, నీకంత తెలివెక్కడిది?"

"తెలివి కాదు, కడుపుమంట! నీ వ్యాసం తగలబడాలని పెట్టాను. చాలా?"

ఎడిటర్ తల పట్టుకున్నాడు. "జరిమానా కోసం జుట్లు పట్టుకునేవాళ్లని మిమ్మల్నే చూశాను తల్లీ!"

చిన్నకోడలు తన జీతంలో కోసుకోమని సంతకం పెట్టింది. నెలనెలా కోస్తున్నారు. సగం ఇంకా బాకీ ఉంది.