పిల్లి పిల్లలకు సెంట్రింగ్ విప్పే వేళ

1983 వేసవిలో, ఉక్కు కర్మాగారం ఇంకా పునాదులూ పిల్లర్లుగా ఉన్న రోజుల్లో, ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున నన్ను అక్కడి పంపు హౌసు పనికి సైటు ఇంజనీరుగా వేశారు. నా చేతికింద మూడు వందల మంది ఉండేవారని ఇంట్లో చెబుతుంటాను. ముప్ఫై మందే. ఎండ ముదిరాక వాళ్లలో సగం మంది కనబడేవారు కాదు. నా పైన ప్రాజెక్టు ఇంజనీరు గారు, నా కింద సెంట్రింగ్ మేస్త్రీ అప్పలనాయుడు, పక్కన ఫస్ట్ ఎయిడ్ గదిలో నర్సు మార్తమ్మ. వీళ్లతోపాటు ఒక పిల్లి.

పిల్లి సిమెంటు గోడౌనుది. అప్పట్లో సిమెంటు గోనె సంచుల్లో వచ్చేది. ఎలుక సంచి కొరికితే సిమెంటు కారిపోవడం ఒక నష్టం, ఆ కన్నంలోంచి సముద్రపు తేమ చొరబడి మిగిలిన సిమెంటు గడ్డకట్టడం అంతకన్నా పెద్ద నష్టం. అందుకని పిల్లిని ఎవరూ తరిమేవారు కాదు. చెప్పాపెట్టకుండా వచ్చి మూలమూలలా చూసిపోతుంది గనుక ఆడిటరని పిలిచేవాళ్లం. ఆ పేరు నేనే పెట్టానని ఇన్నాళ్లూ చెప్పుకొచ్చాను. పెట్టింది అప్పలనాయుడు.

ఆడిటరు ఆ ఏడు గోనె పట్టాల కుప్పలో నాలుగు పిల్లల్ని పెట్టింది. వారం తిరక్కముందే అన్నిటికీ గిరాకీ వచ్చింది. ప్రాజెక్టు ఇంజనీరు గారు బంగళాకు ఒకటి కావాలన్నారు. కానీ అందరికన్నా ముందు అడిగింది మార్తమ్మ. ఆమెది ముచ్చట కాదు, అవసరం.

మార్తమ్మ ఇల్లు మల్కాపురంలో. తండ్రి యోహాను పోర్టులో సరుకులెత్తే వించి నడిపి రిటైరైన మనిషి. సుగరు ముదిరి పాదాల్లో స్పర్శ పోయింది. ఒక రాత్రి నిద్రలో ఎలుక ఆయన బొటనవేలు కొరికింది. ఆయనకు తెలియనే లేదు. పొద్దున దుప్పటి మీద రక్తం చూసి కూతురు గోలపెట్టింది. అది మానేలోగా మళ్లీ కొరికింది. పుండు పైకి పాకితే పాదమే తీసెయ్యాల్సి వస్తుందని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడట. ఎలుకల మందు పెడదామంటే పక్కింటి పసిపిల్లలు ఇంట్లోకి పాకుతూ వస్తారు.

“రేత్రంతా టార్చిలైటు అట్టుకుని అయ్య కాళ్లకాడ కూకుంతన్నాను సారూ. పగలు ఇక్కడ డూటీ. ఎన్నాళ్లు సేత్తాను? ఓ పిల్లిపిల్లనిచ్చీండి,” అంది.

ఇవ్వొచ్చు. ఎప్పుడివ్వాలన్నదే ఎవరికీ తెలీదు. కళ్లు తెరిస్తే చాలన్నాడు అప్పలనాయుడు. చదువుకున్నవాణ్ని, అలాంటి ఉజ్జాయింపు మాట ఒప్పుకోలేకపోయాను.

మా పనిలో ఇలాంటి ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది. కాంక్రీటు పోసేముందు దాన్ని మొయ్యడానికి చెక్కలూ, సరుగుడు బాదులూ కట్టే ఏర్పాటును సెంట్రింగ్ అంటారు. పక్క చెక్కలు ఒకటి రెండు రోజుల్లో విప్పుతాం. దూలం కింది బాదుల్ని మాత్రం రెండు మూడు వారాలు ముట్టుకోం. పోసిన రోజే అదే కాంక్రీటుతో చిన్న దిమ్మెలు చేసి, నీళ్ల తొట్టెలో క్యూరింగుకు ఉంచి, ఇరవై ఎనిమిదో రోజున యంత్రంలో నొక్కి పగలగొడతాం. ఆ రోజుకు వచ్చినదే పూర్తి బలం కింద లెక్క. టీ వేళ అందరూ వింటుండగా ప్రకటించాను: పుట్టిన నాటి నుంచి ఇరవై ఎనిమిది రోజులు.

“పిల్లులికి క్యూరింగేటి బాబూ? పొద్దుటా సాయంత్రం నీళ్లు కొట్టమంటారేటి?” అన్నాడు అప్పలనాయుడు. జనం నవ్వారు. నేను నవ్వలేదు. గోడౌను తలుపు మీద సుద్దముక్కతో తేదీ కూడా వేశాను.

ఆ రోజు రానే వచ్చింది. నాలుగింట్లో బలిష్ఠమైన పిల్లను ఏరి మార్తమ్మ బుట్టలో పెట్టాం. మరుక్షణం నుంచి సైటులో ఎవరికీ నెమ్మది లేదు. ఆడిటరు సంచుల వరసలన్నీ ఎక్కి దిగింది. స్లాబు కిందికి పోయి బాదు బాదునా అరిచింది. గోడౌను నీడలో కునుకు తీసే హమాలీలు లేచి తిట్టుకుంటూ వేరే చోటికి పోయారు. నేను డ్రాయింగు ముందేసుకుని చూసిన కొలతే మళ్లీ మళ్లీ చూస్తూ కూర్చున్నాను. ఎలుకల మాట ఆడిటరు మరిచేపోయింది. మూడో రోజుకు రెండు సంచులు కారాయి. పై ఆఫీసుకు ఇరవై అని చెప్పిన గుర్తు.

ఆదివారం స్కూటరు మీద మల్కాపురం వెళ్లాను. యోహాను మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. ఒడిలో పిల్లిపిల్ల. గేదె పాలు పడక విరేచనాలతో నీరసించిపోయింది. గొంతు మాత్రం బాగానే ఉంది, వీధి మొదట్లోకే వినబడింది. అంతకుముందు రాత్రి అది ఆయన పాదాల దగ్గర పడుకుని ఉండగానే ఎలుక వచ్చి రెండో వేలు కొరికిపోయింది.

“ఏటి బాబూ, ఎలకల్ని పట్టమని పంపినారా దీన్ని, ఎలకలికి మేతగా ఏసీమని పంపినారా?” అన్నాడు పెద్దాయన.

మార్తమ్మ తండ్రిని కసిరింది. “ఊరుకో అయ్యా! సారు మనకోసవే కదా ఇచ్చినారు.”

“ఇచ్చినారు, కాదనలేదు. బండినిచ్చి ఎద్దుల్నొగ్గీసినారు. పనిసేసీది దీని తల్లి కాదేటి? దాన్ని తెండి!”

తల్లినీ పిల్లల్నీ కలిపి తరలించాలన్న ఉపాయం నాదేనని తర్వాత రెండు మూడు సభల్లో చెప్పాను. మీరు చదివారు కదా, ఎవరిదో. నాకు గుర్తొచ్చిందల్లా ఒకటే. తొందరపడి బాదులు తీశాక దూలం వంగినట్టు కనిపిస్తే వాదించుకుంటూ కూర్చోం, బాదుల్ని వెంటనే మళ్లీ నిలబెడతాం.

పిల్లను బుట్టలో తిరిగి సైటుకు తెచ్చాను. ఆడిటరును పట్టడానికి వెల్డరు చేతితొడుగులు వేసుకుని పెద్ద పోరాటమే చేశానని చెప్పాలని ఉంది. బుట్టలోంచి పిల్ల అరిచింది, అది తనంతట తనే వచ్చి లోపల కూర్చుంది. మిగిలిన మూడింటినీ పక్కన సర్ది, పైన వల కట్టి, ఇసుక లారీలో మల్కాపురం పంపాం.

మార్తమ్మ వంటింటి మూల పాత చీర పరిచి చోటు చేసింది. ఆడిటరుకు అది నచ్చలేదు. ఆ రాత్రంతా ఇల్లంతా తిరిగి, తెల్లవారేసరికి ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుపోయి యోహాను మంచం కింద పెట్టుకుంది. ఇల్లంతటికీ చీకటైన చోటు, కదలని మనిషి ఉన్న చోటు అదే మరి. మేమెవరమూ అనుకున్నది కాదు. పిల్లలున్న చోటికి ఎలుకను రానిస్తుందా? మార్తమ్మ టార్చిలైటు పక్కన పెట్టి ఆ వారం నిద్రపోయింది.

మరికొన్ని వారాలకు చచ్చిన ఎలుకల్ని తెచ్చి పిల్లల ముందు పడెయ్యడం మొదలుపెట్టింది. ఆ తర్వాత కొన ప్రాణంతో ఉన్నవి. నేను చూడబోయినప్పుడల్లా పెద్దాయన మంచం అంచు నుంచి తల వేలాడేసి పందెం చూస్తున్నట్టు అరుస్తుండేవాడు: “ఒలే మార్తా, నల్లగుంట ఎలకని మళ్లీ ఒగ్గీసినాదే!”

ఈలోగా ప్రాజెక్టు ఇంజనీరు గారు కబురు మీద కబురు పెట్టారు. నువ్వు చెప్పిన ఇరవై ఎనిమిది ఎప్పుడో దాటింది, నా పిల్లేదయ్యా అని. చివరికి తానే ఫోను చేశారు. ఇంకా సెంట్రింగ్ విప్పలేదండీ, మరో నెల పడుతుందన్నాను. ఎవరు పెట్టారయ్యా ఈ కొత్త రూలు అంటే, తల్లి పెట్టిందండీ అన్నాను. నా సర్వీసులో పై అధికారికి కాదని చెప్పిన సందర్భాలు చాలా ఉన్నాయని రాయబోయి ఆగాను. అదొక్కటే. ఆయన ఫోను పెట్టేశారు. ఆ నెల నా ప్రయాణ భత్యం బిల్లు రెండుసార్లు వెనక్కి వచ్చింది.

వానలు పట్టాక ఒక రోజు మార్తమ్మ చెప్పింది: పాలకు వచ్చిన పిల్లల్ని ఆడిటరు బుస కొట్టి, పంజాతో చెంప మీద ఒకటిచ్చి పంపేస్తోందట. నల్ల పిల్ల అటక మీద సొంతంగా ఒక ఎలుకను పట్టిందట కూడా. అప్పటికి వాటికి మూడు నెలలు కావస్తోంది. నల్లదాన్ని యోహాను దగ్గరే ఉంచి, ఒకటి బంగళాకు, ఒకటి అప్పలనాయుడి ఇంటికి, ఒకటి ఫిషింగ్ హార్బరులో వలలు దాచుకునే గదికి పంపాం. ఒక్కటీ తిరిగి రాలేదు. ఆడిటరును గోడౌనుకు తెచ్చేశాం. యోహాను వేళ్ల పుండ్లు మెల్లగా మానాయి. ఒక గోరు మాత్రం మళ్లీ మొలవలేదు. పాదం నిలిచింది.

ఆ ఉదంతం నాకు నేర్పినది తక్కువే గానీ, తర్వాత ప్రతి సైటులోనూ వాడుకున్నాను. ఇరవై ఎనిమిది రోజులన్నది ల్యాబు తొట్టెలో, ఏ బరువూ లేకుండా నీళ్లలో మునిగి ఉన్న దిమ్మె వయసు. ఎండలో నిలబడి బరువు మొయ్యాల్సిన దూలం సంగతి ఆ దిమ్మె చెప్పదు. తేదీ చూసి బాదులు తీయించడం మానేశాను. దూలం కిందికి వెళ్లి, అది రెండు స్తంభాల మధ్య ఎంత ఎడం దాటుతోందో, మీద ఏం పడబోతోందో చూసి తీయించాను. పిల్లుల సంగతంటారా, తన తిండి తాను తినడానికి పిల్లకు ఎనిమిది వారాలు కావాలి. ఇంట్లో ఎలుకల పని అప్పగించేటట్లయితే ఇంకో నెల తల్లి దగ్గరే ఉండనివ్వాలి. అంతవరకు ఆగలేని అవసరమైతే తల్లితో సహా తెచ్చుకోవాలి.