ఇరవై మూడో బిళ్ళ

ఐస్‌క్రీమ్ బండి దగ్గర జుట్లు పట్టుకుని కొట్టుకునే పిల్లలు, మహిమ కుర్చీ దగ్గర మాత్రం తోసుకునేవాళ్ళు కారు. ఫంక్షన్లలో పిల్లల మొహాల మీద పులులూ సీతాకోకచిలుకలూ వేయడం ఆమె పని. ఇంత నెమ్మదిగా లైను ఎట్లా నడుస్తుందమ్మా అని అడగని తల్లి లేదు. ఆ కిటుకు ఆమెది కాదు, వాళ్ళ బాపు సామ్యూల్‌ది.

సామ్యూల్ మందమర్రిలో బొగ్గు బాయి మీద ముప్పై రెండేళ్ళు లాంప్ రూములో చేశాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ తలదీపంతోపాటు నంబరు బిళ్ళ ఇవ్వాలి, పైకి వచ్చాక తీసుకుని మేకుకు తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. అందరి బిళ్ళలూ వచ్చేదాకా ఆయన గడప దాటేవాడు కాదు.

రిటైరైన ఏడాదే భార్య పోయింది. ఇక మనిషి మంచానికి అతుక్కుపోయాడు. "తిన్నవా బాపూ?" అంటే "తిన్న" అనేవాడు, కంచంలో బువ్వ మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉండేది. చర్చికి రాడు, వాకిట్లోకి రాడు, గడ్డం చేసుకోడు. అట్లా నాలుగు నెలలు.

ఒకరోజు మహిమ మంచిర్యాలలో పని ముగించుకుని చెయ్యంతా గీతలు పడి ఇంటికి వచ్చింది.

"ఏందే గిది?" మంచంలోంచే అడిగాడు.

"పిల్లల తొక్కుడు బాపూ. ఇర్వై మంది ఒక్కసారే మీదవడ్డరు. రంగుల డబ్బా గూడ కిందవడ్డది."

"లైను లేదా?"

"లైన్ల ఎవలు నిలవడ్తరు? నిలవడి నిలవడి ఏడుస్తరు."

మర్నాడు పెరట్లో ఠంగు ఠంగుమని చప్పుడు. వాడకట్టు వాడకట్టంతా గోడల మీంచి తొంగిచూసింది. సామ్యూల్ నూనె డబ్బా రేకు కత్తిరించి, అంచులు పిల్లలకు గీరుకోకుండా రాయి మీద అరగదీసి, మేకుతో నంబర్లు కొట్టి, నలభై బిళ్ళలు తయారుచేశాడు. ఒక చెక్కకు నలభై మేకులు దిగ్గొట్టాడు. ఆ సాయంత్రం గడ్డం కూడా చేసుకున్నాడు.

ఇక లైను ఆయనదే. వచ్చిన పిల్లకు బిళ్ళ ఇచ్చి, "పో, ఆడుకో, తిను, నీ నంబరు నేను పిలుస్త" అనేవాడు. అయిదేసి నంబర్లు పిలిచి బల్ల మీద కూర్చోబెట్టేవాడు. కుర్చీ ఎక్కే ముందు బిళ్ళ ఆయన చేతిలో పెట్టాలి. చివర నలభై మేకులూ నిండితేనే పెట్టె సర్దనిచ్చేవాడు. లేకుంటే కదలడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మహిమకు పనులు కుదిర్చే నాగరాజుకు ఈ ముసలాయన పట్టు నచ్చలేదు.

"అక్కా, కాక జర జల్ది కానియ్యాలె. ఫంక్షన్ అయిపోయినంక గూడ బిళ్ళలు లెక్కవెడ్తుంటే మంది నవ్వుతుండ్రు. ఇంకోసారి లేటయిందనుకో, కాకను ఇంట్లనే ఉంచు. నువ్వొక్కదానివే రా" అన్నాడు.

లైను పోతే బాపు మళ్ళీ మంచం ఎక్కుతాడు. ఈసారి దిగుతాడని నమ్మకమేంటి?

ఆ తర్వాత వారమే హుజూరాబాద్‌లో పని. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన లక్ష్మణ్, తన కొడుకు పుట్టినరోజని ఫంక్షన్ హాలు మాట్లాడాడు. పగటి పూట విందు. సౌండ్ బాక్సులు చెవులు చిల్లులు పడేట్టు మోగుతుంటే సామ్యూల్ గొంతు చించుకుని నంబర్లు పిలిచాడు. నాలుగు కొట్టేసరికి హాలు ఖాళీ అయింది. ముప్పై తొమ్మిది మేకులు నిండాయి.

"ఇర్వై మూడు రాలే" అన్నాడు సామ్యూల్.

"ఎవలో జేబుల ఏస్కొని ఇంటికి పోయుంటరు బాపూ."

"పోతే పోయిండ్రని తెల్వాలె గద. బిళ్ళ ఇచ్చినంక మనిషి మనదే."

బాత్రూముల్లో చూశాడు, స్టేజీ కింద వంగి చూశాడు, కార్ల మధ్య వెతికాడు. లక్ష్మణ్ భార్య నవత చంకలో పిల్లాణ్ణి వేసుకుని విసుక్కుంది: "ఏందమ్మా మీ నాయిన? బంగారం పోయినట్టు దేవులాడుతుండు! తాళం ఎయ్యాలె మేము."

గుమ్మంలో నాగరాజు నిలబడి ఉన్నాడు. చేతి గడియారం చూసి, మహిమను చూశాడు. అంతే.

మహిమ పెట్టె మూత తీసింది. పెట్టె అడుగున మిగులు రేకు ముక్క ఒకటుంది. గబగబా దాని మీద మేకుతో రెండూ మూడూ కొట్టింది. సామ్యూల్ అప్పటికి హాలు వెనక తలుపు గడియ మీద చెయ్యి వేశాడు, అటు వంటశాల వైపు చూద్దామని.

"బాపూ! దొరికింది! కుర్చీ కింద వడ్డది!"

ఆయన గడియ మీద నుంచి చెయ్యి తీశాడు. "హమ్మయ్య. స్తోత్రం ప్రభువా" అన్నాడు. బిళ్ళ వంక సరిగా చూడనైనా లేదు. కూతురు చెప్పింది కదా, తగిలించేశాడు. బస్సులో కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోయాడు. మహిమకే నిద్ర రాలేదు.

పది రోజుల తర్వాత నాగరాజు మందమర్రికి వచ్చి, చాయ్ తాగుతూ జేబులోంచి బిళ్ళ తీశాడు.

"కాకా, నీ సొమ్ము. హుజూరాబాద్ హాల్ల బోళ్ళు తోమే బాలవ్వ ఇచ్చింది. ఆమె మనుమరాలి తాన ఉన్నదంట."

సామ్యూల్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఇరవై మూడు. లేచి చెక్క దగ్గరికి వెళ్ళాడు. అక్కడా ఇరవై మూడు. బొటనవేలితో ఒకదాని అంచు తడిమాడు, నున్నగా ఉంది. రెండోదాని అంచు తడిమాడు, గీరుకుంది.

"ఇది ఎవలు కొట్టిండ్రు?"

మహిమ నేల చూపులు చూసింది. "నేనే బాపూ. లేటయితే నిన్ను రావద్దంటరని..."

నాగరాజు చాయ్ సగంలో వదిలేసి లేచాడు. తెల్లారి సామ్యూల్ మొదటి బస్సుకు తయారయ్యాడు. "పా బిడ్డా. రంగులు పట్టుకో" అన్నాడు.

హుజూరాబాద్ చేరేసరికి ఎండ ముదిరింది. హాలు వెనక రేకుల షెడ్డులో బాలవ్వ గుండిగలు తోముతోంది. వచ్చిన సంగతి చెబితే ఆమె బుగ్గలు నొక్కుకుంది.

"గీ ముచ్చటకే గింత దూరమొచ్చిండ్రా? పిల్ల లేదన్నా. మొన్ననే వాళ్ళమ్మ ఎంబడి బోథ్ దిక్కు పోయింది, పత్తి ఏరనీకె. మళ్ళ ఎప్పుడొస్తరో ఏమో."

"ఆ దినం ఎందుకు రాలేదవ్వా? నేను పిలుస్తనే ఉంటి" అన్నాడు సామ్యూల్.

"ఎట్లొస్తది? నీ తాన బిళ్ళ తీస్కొని ఉర్కుకుంట వచ్చి నాకు చూపించింది. అంతల వడ్డించే ఆయన, పనోళ్ళ పిల్లలు ముంగటికి రావద్దని ఎనుక తలుపు గడియ వెట్టిండు. గా మెట్ల మీద కూసున్నది. రంగు మంచిగ అంటాలెనని గీ తొట్టిల మూడుసార్లు మొకం కడుక్కున్నది. బువ్వ తిను బిడ్డా అంటే, లేస్తే నా వంతు పోతదవ్వా, తాత పిలుస్తనన్నడు అంటది. పొద్దుగూకేదాక గట్లనే కూసున్నది. పిచ్చిది!"

బాలవ్వ నవ్వేసింది. ఆమెకు అది నవ్వులాట సంగతే.

సామ్యూల్ వెళ్ళి ఆ తలుపును బయటి వైపు నుంచి చూశాడు. మెట్టుకూ తలుపుకూ మధ్య రెండడుగులు లేదు. ఆ రోజు అవతల గడియ మీద తన చెయ్యి ఉన్నప్పుడు, ఇవతల పిల్ల ఉంది.

తిరుగు బస్సు కరీంనగర్ దాటింది. సామ్యూల్ కిటికీలోంచి చూస్తూనే అన్నాడు: "ముప్పై రెండేండ్లల్ల ఎంతమంది తాగుబోతులు, ఎంతమంది దొంగలు బిళ్ళలిచ్చిండ్రో నాకు. అబద్ధం బిళ్ళ ఒక్కడు గూడ ఇయ్యలే."

"తప్పయింది బాపూ."

"నువ్వు నా గురించే చేసినవ్. నాకు ఎరుకే. ఇగ నేను రాను బిడ్డా" అన్నాడు.

కోపంగా అని ఉంటే మహిమ బతిమాలేది. ఆయన కోపంగా అనలేదు.

ఇప్పుడు మహిమ ఒక్కతే వెళుతోంది. పని వేళకు తెమిలిపోతోందని నాగరాజు సంబరపడుతున్నాడు. హాలుకు చేరగానే ఆమె పెట్టె తెరవదు, ముందు వెనక వంటశాలకు పోతుంది. "పిల్లలు ఎవలన్న ఉన్నరా?" అని అడుగుతుంది. "మా పిల్లలతోని నీకేం పని?" అని వాళ్ళు వింతగా చూస్తారు. ఉన్నవాళ్ళను చెయ్యి పట్టుకుని తెచ్చి మొట్టమొదట కూర్చోబెడుతుంది. ఫంక్షన్ వాళ్ళు మూతులు తిప్పుతారు. తిప్పనీ.

మొన్న జమ్మికుంటకు పోయే ముందు మంచం పక్కన నిలబడి, "యాభై మంది పిల్లలట బాపూ. నాతోని కాదు" అంది.

"అయితది. నీతోని అయితది" అన్నాడు సామ్యూల్, గోడ వైపు ఒత్తిగిలుతూ. పొద్దున పెట్టిన బువ్వ కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంది.