సాక్ష్యాల వేళ

మా బావను కొట్టినప్పుడు చర్చిలో చివరి దీవెన ప్రార్థన జరుగుతోంది. ఆ ఆదివారం ఆయనకు బొగ్గుబాయిలో డ్యూటీ పడింది. అందుకని అందరికన్నా ముందే లేచి చెప్పుల కోసం బయటికి వెళ్లాడు. గేటు దగ్గర మా సంఘ పెద్ద కొడుకు కాచుకుని ఉన్నాడు. క్వార్టర్ల నీళ్ల నల్లా దగ్గర నెల రోజులుగా నలుగుతున్న తగాదా అది. ఇనుప రాడ్డుతో ఒక్కటే దెబ్బ. మూడో రోజు బావ ఆసుపత్రిలో పోయాడు. మా అక్కకు అప్పటికి ముప్పై నిండలేదు. ఇద్దరు ఆడపిల్లలు.

ఇది ఎనభైల నాటి మాట. గోదావరి పక్కన గనుల కాలనీ మాది. సంఘంలో పాటలెత్తేది నేనే.

మొదటి నెల మా సంఘం చేసిన మేలు మరిచిపోతే పాపం తగులుతుంది. ఇరవై రోజులు అక్క ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎవరో ఒకరు అన్నం, చారు పట్టుకొచ్చేవారు. ప్రతి సాయంత్రం ప్రార్థన. పిల్లలకు జడలు వేసింది కూడా సంఘం ఆడవాళ్లే. వాళ్లలో ముందు నిలిచింది సండే స్కూల్ టీచరమ్మ. బావను కొట్టిన ఆదివారం ఆమె తన క్లాసు పిల్లలతో కిటికీ పక్కన కూర్చుంది.

"కిటికీలకెళ్లి చూసిన బిడ్డా. వాడే. రాడ్డు ఎత్తుడు నా కండ్లతోని చూసిన," అని ఆ సాయంత్రమే అక్కతో చెప్పింది. పోలీసులకూ చెప్పింది. "కోర్టుల గూడ నేనే జెప్త. నువ్వు ఫికర్ జెయ్యకు."

అక్క ఆ మాట పట్టుకునే బతికింది. ఆమె కోరింది ఒక్కటే: ఏం జరిగిందో చూసినవాళ్లు నలుగురిలో చెప్పాలి.

కేసు దగ్గరపడేకొద్దీ మా గడప తొక్కేవాళ్లు తగ్గారు. ఒకరోజు పాస్టరు అయ్యగారు వచ్చి కూర్చున్నారు.

"కోర్టులు లోకానివి బిడ్డా. క్షమించు. సంఘ పెద్దాయన ఇంట్ల గూడ అందరు పరేషాన్ల ఉన్నరు."

"క్షమిస్త అయ్యగారూ," అంది అక్క. "ఏం జేసిండో ముందుగాల ఒప్పుకొమ్మనుండ్రి. ఒప్పుకోనోన్ని దేనికని క్షమించాలె?"

ఆయన ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

విచారణ రోజు టీచరమ్మ మాతో పాటే బస్సులో కరీంనగర్ వస్తానంది. బస్టాండులో చూసి చూసి మేమే ఎక్కాం. కోర్టు దగ్గర ఆమె సంఘ పెద్ద జీపులోంచి దిగింది. అక్క వైపు చూడలేదు. బోనులో నిలబడి తల వంచుకుని చెప్పింది.

"చూడలే సార్. ప్రార్థనల ఉన్న. కండ్లు మూసుకున్న."

ఆమె తర్వాత సంఘంవాళ్లు ఇద్దరు వచ్చారు. వాళ్లూ కళ్లు మూసుకున్నారట. పది ఆజ్ఞల్లో తొమ్మిదోదాన్ని, అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్నదాన్ని, మా కాలనీ పిల్లలందరి చేతా వల్లె వేయించింది ఆ టీచరమ్మే. ఆ ఆదివారం నిజంగా కళ్లు మూసుకున్నదాన్ని నేను. ఒక్కసారి తెరిచినా బాగుండేదని దేవుని ముందు ఎంత ఏడ్చానో ఆయనకే తెలుసు.

తిరుగు బస్సులో అక్క నాతో అంది. "మనోళ్లు ఇంత భక్తిగ ప్రార్థన జేస్తరని నాకు ఎర్కనే లేకపాయె చెల్లే."

కేసు కొట్టేశారు.

ఇలాంటి దెబ్బ తిన్న ఇంటికి సంఘం ఏం చేయాలని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. అన్నం తీసుకెళ్లండి, మంచిదే. కానీ ఆ ఇల్లాలితో పాటు పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చోండి. వాయిదా రోజున అదే బస్సెక్కండి. చూసింది చూసినట్టు చెప్పండి. ఈ చివరిది చేయలేకపోతే, ముందు చేసిందంతా ఆమెను ఇంకా లోతుకు తోస్తుంది. మేము తోశాం.

మేము అని ఎందుకన్నానంటే, విచారణ తర్వాతి ఆదివారం జరిగింది వినండి.

పాటలయ్యాక సాక్ష్యాల వేళ వచ్చింది. దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి చెప్పే సమయం అది. టీచరమ్మ లేచింది.

"కోర్టు మెట్లెక్కుతుంటె కాళ్లు వణికినయ్. దేవుడు తోడుండి క్షేమంగ తీస్కచ్చిండు. స్తోత్రం."

"స్తోత్రం," అన్నారందరూ.

ఆడవాళ్ల వరుసలో వెనక నుంచి అక్క లేచింది. "నాదొక సాక్ష్యమున్నది. మా ఇంటాయనను గేటు కాడ..."

అయ్యగారు నా వైపు తిరిగి అరచెయ్యి పైకి లేపారు. పాట ఎత్తమని సైగ. నేను ఎత్తాను. డోలక్ అందుకుంది, అందరూ అందుకున్నారు. అలవాటు కొద్దీ నోరు తెరుచుకుందని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అలవాటు కాదు, భయం. అక్క పెదవులు కదులుతూనే ఉన్నాయి. మాట వినపడటం లేదు. నన్నే చూస్తూ మొదటి చరణం అయ్యేదాకా చెప్పింది. తర్వాత పిల్లల్ని లేపుకుని బయటికి నడిచింది.

పాట మధ్యలో వదిలేసి వెనకాలే పరుగెత్తాను. రోడ్డు మీద అందుకుని చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, నాకు జెప్పు. నేను వింట."

"నీకేం జెప్పాలె?" చెయ్యి విడిపించుకుంది. "నీకు ఎర్కలేదా?"

లోపల పాట మూడో చరణంలోకి వచ్చింది. నేను లేకున్నా అది ఆగలేదు.