అరవయ్యో ఏట ఏం చేస్తావు?

"...పన్నెండేళ్ళ పిల్లకి ముసలితనం ఏమిటత్తా? దానికింకా దవడ పళ్ళే పూర్తిగా రాలేదు!"

"పళ్ళు ఊడాక అడిగితే ఏం లాభంరా కర్టిస్? ఉన్నప్పుడే అడగాలి."

"జీను కొనుక్కుందామని మూడు వారాలు పొలంలో నానిందత్తా అది."

"నానింది కాబట్టే అడుగుతున్నా. నానకుండా వచ్చిన డబ్బు నాకెందుకు?"

కర్టిస్ మేనత్త బ్లాజెనా వోండ్రాని ఇంట్లో పిల్లలు కూడా అత్తా అనే పిలుస్తారు. ఆవిడకి ఉన్న పిచ్చి ఒక్కటే. సొంతంగా సంపాదించిన పిల్ల ఎవరైనా తమ కుటుంబంలో కనిపిస్తే, ఆ పిల్ల పేర రిటైర్మెంట్ ఖాతా తెరిచేదాకా ఆవిడకి నిద్ర పట్టదు. పిల్లలందరూ దానికి ముసలి ఖాతా అని పేరు పెట్టారు. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇంత పొడుగు మనిషి, ఇంత పొడుగు అడుగు. పిల్లలు ఎదురుపడితే ఏం చదువుతున్నావనీ అడగదు, ఎంత ఎదిగిపోయావనీ అనదు. వంగి, కళ్ళలోకి చూసి, ఒకటే ప్రశ్న వేస్తుంది: "అరవయ్యో ఏట ఏం చేస్తావు?"

ఒక మేనకోడలి కొడుకు పాల డెయిరీ వాళ్ళ క్యాలెండర్ కోసం బోసినవ్వుతో ఫొటో దిగాడు. డెయిరీ వాళ్ళు ఫొటోకి కూలి ఇచ్చారు. వారం తిరగకుండా ఆ ఎనిమిది నెలల ఉద్యోగికి ముసలి ఖాతా వచ్చేసింది. నెబ్రాస్కాలో పళ్ళు రాకముందే పదవీ విరమణకి సిద్ధమైన మనిషి తమ వంశంలోనే ఉన్నాడని కర్టిస్ అందరికీ చెప్పేవాడు.

అలాగని ఎవరి డబ్బు పడితే వాళ్ళ డబ్బు ఆవిడ ముట్టుకోదు. ఆ ఖాతాలోకి కానుకలు పనికిరావు, సంపాదించింది ఉండాలి. ఒకసారి కర్టిస్ కూతురు టిల్డా, తనకి తాతగారిచ్చిన ఇరవై డాలర్లు తెచ్చి ఇవ్వబోయింది.

"ఇది సంపాదించావా?"

"పుట్టినరోజుకి ఇచ్చారు."

"పుట్టడం పని కాదే. ఆ రోజు పనంతా మీ అమ్మ చేసింది."

"ఇంట్లో కోళ్ళకి రోజూ మేత వేస్తున్నా కదా?"

"సొంతింటి కోళ్ళకి మేత వెయ్యడం ఉద్యోగం కాదు, బతకడం."

ఉద్యోగం అంటే ఆవిడ లెక్కలో జూలై. సంకర విత్తనాల కోసం పెంచే మొక్కజొన్న తోటల్లో, చెట్ల తలమీది మగ పూత పీకే పని. పన్నెండేళ్ళు నిండితే ఆ ఊరి పిల్లలంతా దానికి పోతారు. తెల్లవారుజామున ఆవిడే పాత పసుప్పచ్చ బడి బస్సు తోలుకుంటూ వచ్చి హారన్ కొడుతుంది. చెత్త సంచులకి తల పట్టేంత, చేతులు పట్టేంత చిల్లులు చేసుకుని పిల్లలు వాటినే వానకోట్లుగా తొడుక్కుంటారు. అయినా మంచు కారే ఆకుల మధ్య పది అడుగులు నడిస్తే బూట్లలో నీళ్ళు చేరతాయి. ఎండెక్కాక ఆకులు మెడనీ చేతులనీ కోస్తాయి. ముఠా నాయకురాలు బ్లాజెనా మాత్రం ముందు వరసలో, బుట్టలోంచి ఆల్‌బుఖారా పండు పెట్టి కాల్చిన తీపి కొలాచీ రొట్టెలు పంచుతూ, తలమీద పూత ఉన్న ప్రతి చెట్టునీ సొంత శత్రువులా చూస్తూ నడిచేది. కర్టిస్ పదమూడో ఏట ఆవిడ వెనకే నడిచాడు. నలభయ్యో పడిలో పడ్డా, ఆవిడ వెనక నడవాలంటే ఇప్పటికీ అతనికి ఆయాసం వస్తుంది.

ఆ పదమూడో ఏటి జీతమంతా అతను ట్రంపెట్ కొనుక్కుందామని దాచుకున్నాడు. అది కాస్తా ముసలి ఖాతాలోకి వెళ్ళిపోయింది. "అరవయ్యో ఏట ఏం చేస్తావు?" అని అడిగితే, "చచ్చిపోతాను" అని చెప్పి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అయితే అదృష్టం బాగుండి, క్రిస్మస్‌కి ముందు బడి బ్యాండు మాస్టారు, బీరువా వెనక దొరికిందంటూ ఒక పాత ట్రంపెట్ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. కోపం మాత్రం అలాగే ఉండిపోయింది. ఖాతా కాగితం వచ్చినప్పుడల్లా చూడకుండా సొరుగులో పడేసేవాడు.

ఇప్పుడు టిల్డా వంతు. పక్క పొలం వాళ్ళ ఆడగుర్రం మీద ఆగస్టులో జిల్లా సంతలో జరిగే గుర్రప్పందెంలో పరుగు పెట్టాలని దాని కోరిక. ఆ గుర్రానికున్న జీను పెద్దవాళ్ళది, కూర్చుంటే టిల్డా రేవులో పడవలా అటూ ఇటూ ఊగుతుంది. రెండుసార్లు జారి పడింది కూడా. అందుకే జూలైలో మూడు వారాలూ పూత పీకింది. అందుకే వంటింట్లో ఈ గొడవ.

గుమ్మంలో నిలబడి అంతా విన్న టిల్డా జీతం చెక్కు తెచ్చి బల్లమీద పెట్టింది.

"తీసుకో అత్తా. సంతలో పడి నడుం విరిగితే, అరవయ్యేళ్ళదాకా మంచం మీదే ఉంటాను. అప్పుడు పనికొస్తుంది."

"మంచి మాట," అంది బ్లాజెనా, చెక్కు జాగ్రత్తగా మడుస్తూ. "మంచం మీదున్నా గుర్రం మీదున్నా, అరవై వస్తుంది. ఏం చేస్తావప్పుడు?"

టిల్డా పళ్ళు బిగించింది. "నాలుగు గుర్రాలు పెంచుతాను. ఒక్కదాన్నీ నిన్ను ఎక్కనివ్వను."

"నాలుగా!" అంది బ్లాజెనా. టిల్డా అరవయ్యో పుట్టినరోజు వచ్చే మంగళవారమన్నట్టు, ఆ గుర్రాలకి గడ్డి ఇప్పుడే చూడాలన్నట్టు, కిటికీలోంచి బయటికి చూసింది. కర్టిస్‌కి వళ్ళు మండింది. అంతలోనే ఒక వింత గౌరవమూ కలిగింది. తను చూడబోని కాలం గురించి ఈ మనిషికి ఇంత తొందరేమిటి?

శనివారం అతను ఎవరికీ చెప్పకుండా పశువుల వేలంపాటకి వెళ్ళాడు. సామాన్ల వరసలో పిల్లల జీను ఒకటి ఉందని విన్నాడు. ఉంది. అంచులు కాస్త అరిగిన, గోధుమరంగు, బుజ్జి జీను.

వేలం పాడే లెస్టర్ మాటలు రైలు చక్రాల్లా పరుగెడుతున్నాయి. "వంద, వంద, ఎవరయ్యా వంద!" కర్టిస్ చెయ్యెత్తాడు. వెంటనే లెస్టర్ జనం వెనకవైపు చూసి, "నూట పాతిక!" అన్నాడు. కర్టిస్ మళ్ళీ ఎత్తాడు. "నూట డెబ్బై అయిదు!" అన్నాడు లెస్టర్, మళ్ళీ అటే చూస్తూ. ఎవడో మొండివాడు. దాణా బస్తాల గుట్ట వెనక నుంచి ఒక చెయ్యి మాత్రం లేస్తోంది. కర్టిస్‌కి పట్టుదల వచ్చింది. రెండు వందలు దాటింది. మూడు వందలు దాటింది. కొత్త జీను ధర కూడా దాటిపోయింది. బల్లలమీది రైతులు ఆవుల్ని మర్చిపోయి వీళ్ళనే చూస్తున్నారు.

లెస్టర్ హఠాత్తుగా మైకు దించాడు.

"ఇదిగో కర్టిస్, మీ ఇంటి తగాదా మీ ఇంట్లో తేల్చుకోండయ్యా! నీమీద పాడుతున్నది మీ అత్తే!"

బస్తాల వెనక నుంచి ఆ పొడుగు మనిషి మెల్లగా లేచింది. తలమీద కళ్ళదాకా లాక్కున్న మొగాళ్ళ టోపీ, మెడ చుట్టూ ఆగస్టు ఎండలో ఉన్ని మఫ్లర్. గుర్తుపట్టకుండా ఉండటానికట.

"నోరు ఊరుకోదేంరా లెస్టర్ నీకు," అంది.

"ఎన్నేళ్ళని ఊరుకోను బ్లాజెనా? సైకిలు కొన్నావు ఊరుకున్నా. కుట్టుమిషను కొన్నావు ఊరుకున్నా. ఆ ట్రంపెట్ బ్యాండు మాస్టారింటికి నేనే మోశాను, అప్పుడూ ఊరుకున్నా. మొదటి పాట వందకే ఇస్తాను, తీసుకుపో."

కర్టిస్ వెళ్ళి జీను ఎత్తాడు. ఇద్దరూ జీనుని చెరోవైపు పట్టుకుని బయటికి వచ్చారు.

"బీరువా వెనక దొరికిందన్నాడు మాస్టారు," అన్నాడు కర్టిస్.

"పెట్టినచోటే దొరుకుతాయి ఏవైనా."

"అత్తా, ఇంత నాటకం ఎందుకు? పిల్ల సంపాదించినదానికి మించకపోతే, ఖాతాలో నీ డబ్బే వెయ్యచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. జీతం దాని చేతికే ఇచ్చెయ్యచ్చు, అదే జీను కొనుక్కునేది!"

"తెలుసు."

"తెలిసీనా?"

"జీను ఎవరిచ్చినా జీనే. అరవయ్యో ఏడు అలా కాదురా. నేను వేస్తే అది నేనిచ్చినట్టవుతుంది. తలెత్తుకుని, ఇది నేను పన్నెండో ఏట నాని తెచ్చుకున్నది అనాలి అది." ఆవిడ ఆగి, జీనుని నడుం మీదికి సర్దుకుంది. "మా అమ్మ డెబ్బై ఆరో ఏట కూడా హోటల్లో గిన్నెలు తోమింది. ఆవిణ్ణి చిన్నప్పుడు ఎవరూ అడగలేదు."

ట్రక్కు వెనక జీను పెట్టి పైన గోనె కప్పారు. టిల్డా చూడకూడదు. పక్క పొలం వాళ్ళ కొట్టంలో, గడ్డి వెనక దొరకాలి. బ్లాజెనా ఆ కొట్టం వాళ్ళతో ముందే మాట్లాడేసింది కూడా.

కర్టిస్ ట్రక్కు తాళాలు చేతిలో ఆడిస్తూ నిలబడ్డాడు. సొరుగులో చూడకుండా పడేసిన కాగితాలు గుర్తొచ్చాయి. అటక మీద, పెట్టెలో, నల్లబడిపోయిన ఇత్తడి గుర్తొచ్చింది.

బ్లాజెనా మఫ్లర్ విప్పి చెమట తుడుచుకుంటూ, పదమూడేళ్ళవాణ్ణి చూసినట్టే వంగి అతని కళ్ళలోకి చూసింది.

"నువ్వింకా చెప్పలేదురా."

"అరవయ్యో ఏట," అన్నాడు కర్టిస్, "ట్రంపెట్ వాయిస్తాను."