మా నాయన మెడ మీద ఆముదం

మా చిన్నప్పుడు నా చేతులు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి... చూసినవాళ్ళు గోరింటాకు అనుకునేవాళ్ళు. అది కుస్తీ గోదాలో మట్టి.

మా నాయన వస్తాదు. ఏసుప్రభువును నమ్ముకున్నాక కూడా కుస్తీ మానలేదు. దాన్నే సువార్త పనికి పెట్టాడు. ఓ గూడుబండి, రెండు ఎడ్లు, నాయన, అమ్మ, నేను. బండిలో బైబిలు, కంజిర, ఓ రేకుపెట్టె, ఆముదం పిడత... అదే మా ఇల్లు.

ఏ ఊరు వెళ్ళినా నాయన పందెం ఒకటే. "మీ ఊరి వస్తాదుని దింపండి. నేను గెలిస్తే ఊరంతా గంటసేపు కూర్చుని వాక్యం వినాలి. ఓడితే పుస్తకం తెరవకుండా బండి కట్టుకుని పోతాను."

ఊళ్ళోవాళ్ళకి వేడుక. "పాస్టరుగారూ, పడకముందు చేస్తారా ప్రార్థన, పడ్డాక చేస్తారా?" అని ఎగతాళి. "పడ్డాక మీవాడికి చేస్తాలే" అనేవాడు నాయన.

వినడానికి బాగానే ఉంటుంది. బతికితే తెలుస్తుంది... వానొస్తే జొన్నలు తడిసిపోయేవి. ఓడిన ఊళ్ళో మంచినీళ్ళు అడగాలన్నా మొహం చెల్లేది కాదు. ఏ ఊళ్ళోనూ నాలుగు రోజులు నిలవని పిల్లకి అక్షరాలు ఎక్కడొస్తాయి? అందుకే ఇది నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది... సౌదీలో, రాస్ తనూరాలో, మా అమ్మాయి వాళ్ళ వంటింట్లో కూర్చుని.

ఎందుకు రాయిస్తున్నానో చెప్తాను. పోయిన శుక్రవారం ఈ పిల్ల, మా వైపు పాత వస్తాదుల గురించి ఎవరో రాసింది ఫోనులో చదివి వినిపించింది. కింద ఒకాయన రాశాడంట... "ఆ బండి పాస్టరా, ఒంటికి నూనె రాసుకుని గెలిచేవాడు" అని. దానికి పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు.

మా అల్లుడు, "అత్తయ్యగారూ, ఎప్పటి మాటో, వదిలేయండి" అన్నాడు. వాళ్ళ నాయన్ని అంటే వదిలేస్తాడేమో అడగండి.

కుస్తీలో ఒంటి మీద చమురుంటే ఎదుటివాడి పట్టు జారిపోతుంది. అది దొంగాట. అందుకే గోదాలోకి దిగేముందు ఒళ్ళంతా పొడి ఎర్రమట్టి రుద్దుతారు. నాయన భుజం పట్టేస్తే పొద్దున ఆముదం రాసేది నేనే... పందెం వేళకి గుడ్డతో తుడిచి, మట్టి రుద్దేదీ నేనే.

ఆ ఊరి పేరు చెప్పను. అమ్మకి అప్పుడు ఏడో నెల. బండి కుదిపినప్పుడల్లా నడుం పట్టుకుని కళ్ళు మూసుకునేది. నాయన అన్నాడు, "ఈ ఊరు వాక్యం వింటే కాలవగట్టున మనకి జాగా ఇస్తానన్నాడు ఊరి పెద్దాయన. ఇవాళ గెలిస్తే ఇక్కడే పాక వేసుకుందాం. ఇంక బండి కట్టను."

అమ్మ మట్టిబుట్ట నా చేతిలో పెట్టి, "బాగా రుద్దమ్మా" అంది.

ఎదుటి మనిషి సుబ్బయ్య... దున్నపోతులాంటోడు. నాయన భుజం అప్పటికే చెడి ఉంది. గెలవడని తొమ్మిదేళ్ళదాన్ని, నాకే తెలుస్తోంది.

భుజాలకి రుద్దాను. వీపుకి రుద్దాను. మెడ వెనక ఆముదం ఇంకా మెరుస్తోంది... దాని మీద పైపైన మట్టి చల్లి వదిలేశాను.

సుబ్బయ్య మెడ పట్టాడు. చెయ్యి జారింది. నాయన ఒక్క విసురున వాణ్ణి వెల్లకిలా వేశాడు. ఈలలు, డప్పులు... బండి దగ్గర నుంచి అమ్మ నా వంక చూసి నవ్వింది. ఆ ఏడాదిలో అమ్మ నవ్వడం అదొక్కసారే చూశాను.

నాయన మెడ తడుముకున్నాడు. వేళ్ళు వాసన చూసుకున్నాడు. సుబ్బయ్యకి చెయ్యిచ్చి లేపాడు. "నా ఒంటి మీద చమురుంది. ఈ గెలుపు నాది కాదు, సుబ్బయ్యది" అన్నాడు, ఊరంతా వినబడేట్టు.

"ఎవరు రాశారయ్యా?" అన్నారెవరో.

"నా ఒళ్ళు, నా చమురు" అన్నాడు.

దొంగ పాస్టరన్నారు. పేడ విసిరారు. పుస్తకం తెరవకుండా బండి కట్టాం... ఆ పేరు అప్పుడు పుట్టిందే.

ఊరు దాటాక, ఎడ్లని తోలుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగాడు నాయన. "మర్చిపోయావా అమ్మా?"

"ఆఁ" అన్నాను. బతికున్నన్నాళ్ళూ మళ్ళీ అడగలేదు. తమ్ముడు ఆ బండిలోనే పుట్టాడు, నడి దారిలో.

ఇన్నేళ్ళూ అందరికీ అదే చెప్పుకొచ్చాను... చిన్నపిల్లని, మర్చిపోయానని. నాయన మంచాన పడ్డప్పుడు కూడా నోరు రాలేదు.

మర్చిపోలేదు. ఉంచాను. నాకు పాక కావాలి.

మనవరాలు రాయడం ఆపి నా మొహం వంక చూస్తోంది. "అమ్మమ్మా, ఈ ముక్క తీసేద్దామా?" అంటోంది. తీశావంటే చెయ్యి విరుగుద్ది, రాయి, అన్నాను.

విన్నావా, ఆ మాట రాసిన నాయనా... మా నాయన నూనె రాసుకుని గెలవలేదు. చమురుందని తెలిసి, గెలుపు తిరిగిచ్చేసి, కడుపుతో ఉన్న పెళ్ళాన్ని మళ్ళీ బండెక్కించాడు. దొంగని నేను. ఆ నవ్వు బొమ్మలేవో నాకు పెట్టండి.

అలిసిపోయాను... ఇక్కడ నాకో గది ఇచ్చారు, చల్లగా ఉంటుంది, కుదుపు లేదు. అయినా విజిట్ వీసా అయిపోగానే మళ్ళీ పెట్టె సర్దాలి. ఈ వయసులో కూడా ఆ బండి దిగినట్టు లేదు నాకు.

ఈ రోజుల్లో పట్టుబడ్డవాళ్ళే ఒప్పుకోవడం లేదు... ఎవరూ పట్టుకోకుండానే ఒప్పుకున్న మనిషిని మా నాయన తర్వాత నేను చూడలేదు. మీ ఇళ్ళలో అలాంటివాళ్ళు ఉంటే కింద రాయండి... ఈ పిల్ల చదువుతుంది, నేను వింటాను.