ఫిలింనగర్ బంతితోటకు మే నెల వాన

1989 మే నెలలో, ఆకాశంలో మబ్బుతునక లేనప్పుడు, ఫిలింనగర్‌లో నేను వాన కురిపించాను. అప్పుడు నేను ఉద్యాన శాఖలో అసిస్టెంట్ డైరెక్టర్‌ని. జూబ్లీహిల్స్ నుంచి షేక్‌పేట దాకా తోటలూ నర్సరీలూ నా పరిధిలోవి. మా శాఖలో అది గౌరవమైన హోదా. ఫిలింనగర్‌లో మాత్రం అసిస్టెంట్ డైరెక్టర్ అంటే ఎవరూ కుర్చీ వెయ్యరు, క్లాప్ బోర్డు చేతికిస్తారు.

షేక్‌పేటలో కౌలు నేల మీద నర్సరీ నడిపే యాదగిరి సినిమా సెట్లకు మొక్కలిచ్చేవాడు. ఒక పాట కోసం సెట్ పక్కన నిజం బంతితోట కావాలని ఒక సినిమా కంపెనీవాళ్లు అతన్ని అడిగారు. తోట పూస్తే ఆ కంపెనీ పనంతా అతనిది. పూయకపోతే కౌలు నిలబెట్టుకునే దారి లేదు. నర్సరీ పోయినట్టే. సలహా కోసం నా దగ్గరికి వచ్చాడు.

ఆ సెట్ పక్కన ఉన్నది ఒట్టి మొరం, గులకరాళ్ల గట్టినేల. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్దమనిషి ఏసీ గదుల్లో పుట్టగొడుగులు పెంచి, కోతలయ్యాక మిగిలిన ఎరువును గోడవతల పారబోసేవాడు. గడ్డి, కోళ్లపెంట, జిప్సం కలిపి మాగబెట్టిన ఎరువు అది. పుట్టగొడుగు తినగా మిగిలిందైనా గట్టినేలను గుల్లబరుస్తుంది, తేమ పట్టి ఉంచుతుంది. అయితే అందులో ఉప్పు ఎక్కువ. ఒక వానాకాలం ఆరుబయట కుప్పపోసి, ఆ ఉప్పు కడుక్కుపోయాకే నేలలో కలపాలి. పాటకు అంత గడువు లేదు. తాజా ఎరువే కలిపించి, మొగ్గమీదున్న మొక్కల్ని సంచుల్లోంచి తీసి నాటించాను.

కొద్దిరోజుల్లోనే ఆకుల అంచులు మాడాయి.

“ఏంది సారూ, గిట్ల అగ్గి వెట్టినట్టయింది? నీళ్లు గూడ వోస్తనే ఉన్న గదా!” అన్నాడు యాదగిరి.

గోదావరి వైపు నుంచి వచ్చిన ఆర్ట్ డైరెక్టర్ తోట చుట్టూ తిరిగి, “ఏవండీ, మా హీరోయిన్ ఎండుగడ్డిలో గంతులెయ్యాలా? సోమవారానికి తేరుకోకపోతే ప్లాస్టిక్ పూలు దింపేస్తానండీ,” అన్నాడు. 

మట్టిని నీళ్లలో కలిపి, ఉప్పు కొలిచే మీటరు ముంచాను. మీటరు ముల్లు, బంతి మొక్క ఓర్చుకునే గీత దాటి ఆగింది. దానికి మందు ఒక్కటే. మంచినీళ్లు ధారాళంగా పెట్టి, ఉప్పును వేళ్లకిందికి దించి, కాలువ తీసి బయటికి పంపాలి. యాదగిరి బోరులో చెంబెడు నీళ్లే వచ్చేవి.

అప్పుడే పక్క సెట్లో వానపాటకు ట్యాంకర్లు దిగాయి. గొట్టాలు మా మడి మీదికి తిప్పమని ఆజ్ఞాపించాను. ఆజ్ఞాపించాననడం కాస్త పెద్దమాట. ఆ సెట్లో నా మాటకు టీ కూడా వచ్చేది కాదు. బతిమాలాను. మడి మీద వాన దంచింది. కాలువలోంచి డికాషన్ రంగు నీళ్లు పారాయి. అవి తేటపడేదాకా మడి గట్టు మీదే నిలబడ్డాను. మళ్లీ మీటరు ముంచితే ముల్లు దిగింది. సోమవారానికి కొత్త చిగురు కనబడింది, మొగ్గలు విచ్చాయి. ప్లాస్టిక్ పూలు వ్యాన్‌లోనే ఉండిపోయాయి.

ఇందులో నేర్చుకున్నదేమంటే, వాడిన పుట్టగొడుగు ఎరువు నేలకు మేలే చేస్తుంది, కాని అది ఆరుబయట నానవలసిన కాలాన్ని మన అవసరం తగ్గించలేదు. ఉప్పు కొలవనిదే మడిలో కలపకూడదు. ఆ తర్వాత ఏ రైతుకైనా ఈ వరుసలోనే చెప్పాను.

ఇదంతా రాసి, మొన్న నర్సరీకి వెళ్లి యాదగిరికి చదివి వినిపించాను. అతను చేతిలోని అంటుకట్టే కత్తి పక్కన పెట్టాడు.

“బతిమాలినవా? ఎప్పుడు సారూ? గాళ్లు పైపులు సరిజూసుకుంటుంటే గాలికి వాన మన దిక్కు వడ్డది. నువ్వు గొడుగు వట్టుకొని ఉరికినవ్. ‘ఆపుండ్రి, మొగ్గలు రాలుతయ్’ అని ఒర్లినవ్. గాళ్లు ఇనలే. గందుకే తోట బతికింది. నీ మీటరు తెల్లారి వచ్చింది.”