తెర అవతల కూర్చున్న పిన్ని

ఆగస్టు 11, ఆదివారం. తెల్లవారినుంచి ముసురు. కుళాయి ఆగేలోగా పెరట్లో డ్రమ్ము తోమి నీళ్లు నింపాను. చేతులు తుడుచుకుంటూ ఉండగా పూరీ గేట్ పేట నుంచి సైకిలు మీద కబురు వచ్చింది. పిన్ని పోయింది.

రోజూ పద్దులు రాసుకునే పుస్తకం ఇది. ఇవాళ పద్దులు రాయబుద్ధి కాలేదు. ఈ బెంగాలీ ఊరి రైల్వే కాలనీ అయిన ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పెరిగిన ఆడపిల్లలకి ఆవిడని పరిచయం చెయ్యక్కర్లేదు. మిగతావాళ్లు ఎప్పుడైనా చదువుతారేమోనని రాస్తున్నాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. పూరీ గేట్‌కి మారకముందు మా గోడ అవతలి క్వార్టరు. భర్త లోకోషెడ్డులో రైలింజన్లకి బొగ్గు వేసే ఫైర్‌మన్. ఆవిడకి చదువు లేదు, హిందీ రాదు. అయినా మా సెటిల్‌మెంట్‌కి హిందీ సినిమా డాన్సులు నేర్పింది ఆవిడే.

ఆ రోజుల్లో మైదానంలో రెండు గుంజలకి తెల్లగుడ్డ కట్టి సినిమా వేసేవాళ్లు. ప్రొజెక్టరు ఉన్న వైపు మగవాళ్లం, గుడ్డ వెనక ఆడవాళ్లు. బొమ్మ రెండు వైపులా కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ పేచీ లేదు. వెనకవాళ్లకి కుడి ఎడమ అవుతుందని మాత్రం ఎవరికీ తట్టలేదు.

పిన్నికి ఒక్కసారి చూస్తే చాలు. మర్నాడు పనులు తెమిలాక అమ్మాయిలని పెరట్లో నిలబెట్టి, కిరసనాయిలు డబ్బా మీద గరిటెతో తాళం వేస్తూ నేర్పేది. పాటలో మాటలు రావు గనక అదే వరసలో కూరగాయల పేర్లు పాడేది. వంకాయతో మొదలై బీరకాయ దగ్గర చరణం తిరిగేది. మధ్యలో సినిమావాళ్ల మీద చాడీలు.

"బొంబాయోలందరూ పుర్రసెయ్యోలేనమ్మా! ఆ హీరో సూడు, ఎడంసేత్తో అన్నం తింతన్నాడు. తల్లయినా సెప్పలేదేటి?"

నాకప్పుడు పందొమ్మిదేళ్లు, వర్క్‌షాపులో అప్రెంటిస్‌ని. నలుగురిలో నోరు పెగిలేది కాదు. సినిమాలో చూసిన డాన్సు తలుపు వేసుకుని ఒక్కడినే సాధన చేసేవాణ్ణి. అడుగుల చప్పుడు గోడ అవతలికి వినిపించేదట. దుర్గాపూజకి మన తెలుగువాళ్లు వేసే స్టేజి మీద ఆడవేషం కూడా మగపిల్లలే కట్టేవాళ్లు. ఆ ఏడు ఆడపిల్లే ఆడాలని పిన్ని పట్టుబట్టి, వెనక వీధి అమ్మాయికి జోడీగా నన్ను పెట్టింది. ఆ అమ్మాయి కుళాయి దగ్గరికి వస్తే నా బిందె పొంగిపోతున్నా నాకు తెలిసేది కాదు. పిన్నికి అదీ తెలుసు.

అమ్మాయి తండ్రి మా వర్క్‌షాపులోనే బాయిలర్ షాపు మేస్త్రీ. రిహార్సల్ తన కళ్లెదుటే జరగాలన్నాడు. పూజ అయ్యాక బొబ్బిలి సంబంధానికి మాట ఇచ్చేస్తానని కూడా చెప్పేశాడు. ఇక మా ఇద్దరికీ ఉన్నది ఆ డాన్సు ఒక్కటే.

మొదటి రోజే ఢీకొన్నాం. హీరో ఒక వైపుకి, హీరోయిన్ ఇంకో వైపుకి విడిపోవాలి. ఇద్దరం ఒకే వైపుకి దూకాం.

"నువ్వు అటెల్లాలి," అంది ఆ అమ్మాయి, నుదురు రుద్దుకుంటూ.

"ఇటే. నేను సూసినాను."

"నేనూ సూసినాను!"

మేస్త్రీ గారు లేచారు. "గుద్దుకోడానికేటి ఈ డాన్సు? గూడ్సు బళ్లే నయం, సిగ్నలు సూసుకుంటాయి. ఆపీండి."

"ఒక్క వారం ఆగన్నయ్యా," అంది పిన్ని. ప్రొజెక్టరు నడిపే దాదాని వచ్చీరాని బెంగాలీలో బతిమాలి అదే సినిమా మళ్లీ వేయించింది. తెర ముందుకి పోబోతుంటే నా చొక్కా పట్టుకుంది. "ఇలారా. మా పక్కన కూకుని మేం సూసినట్టు సూడు."

"కొత్త పెల్లికూతురొచ్చింది, సాప జరపండర్రా!" అని ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. తల దించుకుని కూర్చున్నాను. కాసేపటికి తెర మీద హీరో ఎడమచేత్తో అన్నం కలిపాడు. అప్పుడు అర్థమైంది. పిన్నికి చెప్పాను.

"అయితే ఆడు పుర్రసెయ్యోడు కాదేటి? పాపం, ఇన్నాల్లూ తిట్టినాను."

ఆ అమ్మాయిని అడుగులు మార్చుకోమని చెప్పమన్నాను. పిన్ని నా వైపు చూసింది. "ఆ పిల్లది అలాగే ఉండనీ. నువ్వు మారు. నీకు పోయేదేటి?"

మారాను. వారమంతా తెర వెనకనుంచి చూసినట్టే నేర్చుకున్నాను. పూజలో మా డాన్సు చూసి మగవాళ్లు అంతా ఉల్టా అన్నారు, ఆడవాళ్లు అచ్చం సినిమాయే అన్నారు. చెరో వైపుకీ విడిపోయి, తిరిగి వచ్చి స్టేజి మధ్యలో చేతులు కలిపాం. హార్మోనియం అసలు పాటే వాయిస్తోంది. నా పక్కన మాత్రం సన్నగా "బీరకాయ" అని వినిపించింది.

దిగాక పిన్ని తిన్నగా మేస్త్రీ గారి దగ్గరికి వెళ్లింది. "అన్నయ్యా, మీ పిల్ల కోసం కుడీ ఎడమా మార్సుకున్నాడు. బొబ్బిలోడు ఆ పని సేస్తాడేటి?" ఆయన దీపావళి ముందు బొబ్బిలికి వద్దని కబురు పంపాడు.

పెళ్లయ్యాక మా ఇంట్లో మాటా మాటా పెరిగినప్పుడల్లా గోడమీంచి పిన్ని తల కనిపించేది. అనేది ఒక్కటే, ఆ "నువ్వు మారు" అన్న మాటే. ఎక్కువగా నన్నే.

ఇవాళ ఆవిడని చూసి వచ్చాం. స్నానాలయ్యాయి. లాంతరు గాజు తుడిచి వరండాలో పెట్టాను. మా ఆవిడ, ఆ వెనక వీధి అమ్మాయే, తడిచీర తాడు మీద వేసి అవతల నిలబడి ముడతలు సాగదీస్తోంది. ఆవిడ వెనక లాంతరు. చీర మీద నీడ చెయ్యెత్తింది. అది ఏ చెయ్యో ఇటునుంచి తెలియడం లేదు.

"ఏటండీ, కొస జారిపోతంది. పట్టుకోండి."

ఏ వైపుకి రమ్మంటావని అడిగాను. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, అయినా నవ్వింది.

"ఇటే రండి. మీకు పోయేదేటి?"